ఆఖరి వరసలో తువ్వాలు

నాటకాల్లోకి కొత్తగా వస్తున్న ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాళ్ళకు దండం పెట్టి, ఇచ్చిన టీ తాగి, కాసేపు మొహమాటపడి ఆఖరికి అడిగేది మాత్రం ఒకటే. “అత్తయ్యా, మీ గురువుగారు సినిమాలు తీశారంట కదా. మీరెందుకు కనపడరు వాటిల్లో?”

నేను మొదలుపెట్టేలోగా బయట ఆటోవాడు హారను కొడతాడు. వాళ్ళు లేచిపోతారు. పెద్ద కథ మరి, ఆటో ఆగేంతసేపట్లో అయ్యేది కాదు. అందుకని ఇక్కడ తీరుబాటుగా చెబుతున్నాను. సినిమా సంగతీ వస్తుంది. కానీ మీరు వినాల్సింది ఒక తువ్వాలు సంగతి.

మాది తెనాలి దగ్గర జంపని. మా నాన్న ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. నాలుగో తరగతి మధ్యలో, తమ్ముణ్ణి ఎత్తుకునే దిక్కులేక నన్ను బడి మాన్పించారు. కూడబలుక్కుని చదవగలను గానీ, నాటకం చేతికిచ్చి బట్టీ పట్టమంటే నావల్ల అయ్యేది కాదు. చెవిన పడిందంటే మాత్రం పోదు. తెనాలిలో మా మేనత్త ఇంట్లో ఉండగా వీధి కొళాయి దగ్గర నీళ్ళకు నిలబడి, చేపలమ్మే ఆవిడ బేరమాడే తీరూ, కంపౌండరుగారి భార్య విసుక్కునే తీరూ చేసి చూపించేదాన్ని. బిందెలు పక్కన పెట్టి మరీ నవ్వేవాళ్ళు. అలా నవ్వినవాళ్ళలో గురువుగారి భార్య ఒకరు. ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని.

“ఏంటే, ఈ గొంతులన్నీ మా ఆయన ముందు తీస్తావా?” అని ఆవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు.

రిహార్సల్సు బట్టల కొట్టు మీద మేడగదిలో జరిగేవి. తలుపు తియ్యగానే నాకు కనపడింది గురువుగారి వీపు. నటులు గది మధ్యలో నిలబడి ఏడుస్తున్నారు, అరుచుకుంటున్నారు. ఆయనేమో కుర్చీ గోడవైపు తిప్పుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నిద్రపోతున్నారనుకున్నాను. ఇంతలో, “ఆ ‘వెళ్ళిపో’లో ‘పో’ మింగేశావ్. ఇంకోసారి” అన్నారు, గోడతోనే.

ఆయన పద్ధతి అది. మనం ఎంత బాగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నా ఆయనకు అక్కర్లేదు. “మొహం ముందు వరసలోవాడికి కనపడుద్ది. గొంతు గోడెక్కి కూర్చున్నోడిక్కూడా అందాలమ్మాయ్. వాడూ మన చుట్టమే” అనేవారు. బాగుంటే బాగుందనేవారు కాదు. బాగా లేకపోతే ‘ఇంకోసారి’. బాగున్నా ఒక్కోసారి ‘ఇంకోసారి’, మళ్ళీ వినాలనిపించి. ఆ రెండు ‘ఇంకోసారి’లకూ తేడా పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నాకు పాత్ర వచ్చినప్పుడల్లా ఆయనే మాటలన్నీ చదివి వినిపించేవారు. అలా నా నోట్లో పడ్డ ప్రతి పాత్రా ముందు ఆయన గొంతుతోనే నాకు పరిచయమైంది.

ఇక ప్రదర్శన రోజున ఆయన తెరవెనక ఉండేవారు కాదు. గంట కొట్టేముందే వెళ్ళి ఆఖరి వరసలో ట్యూబులైటు కింద కుర్చీ చూసుకుని కూర్చునేవారు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, భుజాన తెల్ల తువ్వాలు. స్టేజీ లైట్లు కళ్ళల్లో కొడుతుంటే జనం కనపడరు గానీ ఆ తెలుపు కనపడుతుంది. మన గొంతు అక్కడికి చేరకపోతే ఆయన తువ్వాలు తలపైకి ఎత్తుతారు. చేరిందంటే అది మళ్ళీ భుజం మీదికి దిగుతుంది. మా నాటక సమాజంలో అందరికీ అదే దిక్కు.

నా మొదటి నాటకం రేపల్లెలో. వడ్ల వ్యాపారులు కలిసి పెట్టించిన పోటీలు. స్టేజీ ఎక్కేసరికి నా నాలుక అతుక్కుపోయింది. మాట బయటికి వస్తోందో లోపలే ఉందో తెలియలేదు. దూరంగా తువ్వాలు లేచింది. అంత భయంలోనూ అది చూసి నవ్వొచ్చింది, బస్సు ఆపడానికి రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిలా ఉన్నారు. గొంతు పెంచాను. దిగలేదు. ఇంకా పెంచాను. మెల్లిగా దిగింది. అది దిగాకే నాకు ఊపిరాడింది. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళలో ఎన్ని నాటకాలు వేసినా, జనం చప్పట్లకంటే ముందు నా కళ్ళు వెతికింది ఆ తెలుపునే.

సినిమా సంగతి అడుగుతారుగా. ఆయన నాటకం ఒకటి చూసి ఎవరో మద్రాసు తీసుకెళ్ళారు. మొదటి సినిమా కొత్తవాళ్ళతో తీశారు, ఆడింది. అందులో నేనున్నాను, కనపడనంతే. తల్లి వేషం వేసినావిడకు తెలుగు రాదు. గురువుగారు నాకు కబురుపెట్టారు. చీకటిగదిలో నిలబడి, తెరమీద ఆవిడ పెదాలు కదిలిన చోటల్లా నా గొంతు పెట్టాను. తెనాలి హాల్లో ఆ సినిమా చూసి మా మేనత్త పక్కావిడతో, “అదిగో, అది మా పిల్ల ఏడుపే” అందట.

రెండో సినిమాకు పేరున్న హీరోని ఇచ్చారు. మొదటి రోజు మొదటి షాటుకే గురువుగారు అలవాటు ప్రకారం కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు. హీరో డైలాగు ఆపేశాడట.

“ఏంటండీ, నా మొహం చూడ్డం అంత కష్టంగా ఉందా మీకు?”

“మొహం కెమెరా చూసుకుంటుందిలెండి బాబూ. నన్ను గొంతు విననివ్వండి” అన్నారట ఈయన.

ఆయన ఎగతాళికి అనలేదు. ఉన్నమాట అన్నారు. కానీ సెట్లో లైట్లు పట్టుకున్నవాళ్ళ దగ్గర్నుంచీ నవ్వారట. హీరో నవ్వలేదు. వారం తిరక్కుండానే ఆ సినిమా వేరే డైరెక్టరు చేతికి వెళ్ళింది. ఆ తర్వాత ఈయన్ని పిలిచినవాళ్ళు లేరు. కొన్నాళ్ళు అక్కడే అద్దెగదిలో ఎదురుచూసి, ఇనప్పెట్టె ఒకటి పట్టుకుని తెనాలి వచ్చేశారు. పిన్నిగారు ఒక్కమాట అనలేదు. “కుర్చీ ఒక్కటి ఇటు తిప్పుకుంటే పోయేదిగా” అని నాతో మాత్రం ఒకసారి అన్నారు, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

మళ్ళీ మేడగది, మళ్ళీ గోడవైపు కుర్చీ. ఏళ్ళు గడిచాయి. మా సమాజంలోవాళ్ళకు జుట్టు నెరిసింది. కొందరు టీవీ సీరియళ్ళకు వెళ్ళారు. ఆయన పెట్టిన ప్రతి నాటకానికీ పరిషత్తు పోటీల్లో పేరొచ్చేది. సినిమా గురించి ఎవరన్నా అడిగితే, “నాకక్కడ వినపడలేదండి” అనేవారు. ఎవర్నీ తప్పుపట్టని పెద్దమనిషి మాట అనుకునేవాళ్ళు.

ఆఖరుగా ఎత్తుకున్నది ఒక చేనేత కుటుంబం నాటకం. చీరాల వైపు ఇల్లు. మొగుడు గిట్టుబాటు కాక మగ్గం అమ్మేస్తాడు. తెల్లారితే పట్టుకుపోతారు. వాడు నులకమంచం మీద పడి నిద్రపోతుంటే, పెళ్ళాం మగ్గం పక్కన కూర్చుని దానితో మాట్లాడుతుంది. ఆఖరి ఘట్టమంతా అదే. మొగుడి వేషం రేపల్లె రైసుమిల్లులో గుమాస్తా చేసే ఆయనది. రోజూ సాయంత్రం బండికి తెనాలి వచ్చేవాడు. స్టేజీ మీద నా మొగుడు, దిగితే చెల్లెమ్మా అనేవాడు.

ఆ ఘట్టం గురువుగారు ఒట్టి గుసగుసలతో కట్టారు. “మగ్గంతో ఎవరన్నా కేకలేస్తారా? పక్కన మొగుడు లేస్తాడని భయం ఒకటి. లోగొంతుతోనే చెప్పు. కానీ చివరి బెంచీకి అందాలి.” అది కష్టం. అయినా కుదిరింది.

ఆ రిహార్సల్సుకు మొదటిరోజే ఆయన కుర్చీ మావైపు తిప్పి వేసుకున్నారు.

మా గుమాస్తా నోరూరుకోదు. “ఇన్నాళ్ళకు మన మొహాలు నచ్చినియ్యి చెల్లెమ్మా మేష్టారికి. ముందే తెలిస్తే గడ్డం గీసుకొచ్చేవాణ్ణి” అన్నాడు. అందరం నవ్వాం. గురువుగారు కూడా నవ్వారు. మేం నవ్వాం కాబట్టి నవ్వారు. ఆ తేడా నాకు అప్పుడే ఎక్కడో గుచ్చుకుంది.

మర్నాడు మాట మధ్యలో నాకు దగ్గొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే సగం వాక్యం మింగేశాను. ‘పో’ అన్న ఒక్క అక్షరం వదిలిపెట్టని మనిషి ఏమీ అనలేదు. నా కొంగు వంక కళ్ళు చిన్నవి చేసుకుని చూస్తున్నారు. కొంగు తీసేదాకా అలాగే చూశారు. ఆయన చూస్తున్నది నా మొహం కాదు, నా పెదాలు.

వాళ్ళింటికి వెళ్ళి పిన్నిగారి దగ్గర కూర్చున్నాను. నేను నోరు తెరవకముందే ఆవిడ కళ్ళొత్తుకున్నారు.

“కనిపెట్టావా? నువ్వే కనిపెడతావనుకున్నాను.”

“ఎప్పట్నుంచండి?”

“కుడిచెవి ఎప్పుడో పోయింది. ఎడమది కూడా మొన్న వానాకాలం నుంచి... మిషను కొనిపించాం. రేకులమీద వాన పడ్డట్టుంది, అందులో మనిషి గొంతు లేదని తీసి బీరువాలో పారేశారు.”

“మరి నాటకం ఎలాగండి?”

“ప్రతి మాటా ఆయనకు కంఠతా వచ్చుగా. మీ పెదాలు కదిలితే లోపల వినపడుతుందంట ఆయనకి.” ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. “ఎవరితో అనకే అమ్మాయ్. చెవుల్లేని డైరెక్టరు దగ్గర వేషం ఎవరేస్తారు? సినిమా పోయినా బతికారు. ఇది కూడా పోతే ఆ మనిషి నాకు దక్కడు.”

నేను అనలేదు. మీరే చెప్పండి, ఎలా అంటాను?

బాపట్ల పరిషత్తులో మా నాటకం పడింది. పొద్దుగూకే వేళకు మొదటి ప్రదర్శన మాదే. ఆరుబయట వేసిన స్టేజీ, జనం బాగా వచ్చారు. గురువుగారు ఎప్పటిలాగే ఆఖరి వరసకు వెళ్ళి కూర్చున్నారు. తెర సందులోంచి చూశాను. భుజాన తువ్వాలు తెల్లగా ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. పిన్నిగారే చేసి ఉంటారు.

మొదటి రెండు ఘట్టాలు బాగా నడిచాయి. ఆఖరి ఘట్టంలో నేను మగ్గం పక్కన కూర్చున్నానో లేదో, పైన వేలాడే మైకులు చచ్చిపోయాయి. ‘ఠప్’ మని ఒక్క చప్పుడు, తర్వాత ఏమీ లేదు. సముద్రం వైపునుంచి గాలి ఒకటి. నా గుసగుస ముందు వరసక్కూడా చేరడం లేదని నాకే తెలుస్తోంది.

అలవాటుకొద్దీ ఆఖరి వరస వంక చూశాను. తువ్వాలు భుజం మీదే ఉంది.

వెనకనుంచి ఎవరో అరిచారు. “సౌండ్! సౌండ్!”

ఇంకొకడు, “అమ్మా, గొంతు ఇంట్లో మర్చిపోయొచ్చావా? వెళ్ళి తెచ్చుకో, ఉంటాం!” అన్నాడు. నవ్వులు. కుర్చీలు జరిపిన చప్పుళ్ళు.

నులకమంచం మీద నిద్రపోతున్న మా గుమాస్తా పెదవి చివరనుంచి అన్నాడు. “తువ్వాలు లేవలా. కానియ్ చెల్లెమ్మా. మేష్టారికి అందుతోంది.”

అదీ మాకున్న నమ్మకం. ఇంత జనం వినపడట్లేదని మొత్తుకుంటుంటే, ఒక్క తువ్వాలు లేవలేదు కాబట్టి వినపడుతున్నట్టే లెక్క. ఆ జనం ముందు ఇంకెవరన్నా అయితే గొంతెత్తేవాళ్ళు. మా సమాజంలోవాళ్ళం ఎత్తం. ఆయన చెప్పిన లోగొంతు దాటి వెళ్ళం.

అప్పుడు వెనకవరసలో నాకు ఒకటి కనపడింది. జనం లేచి అరుస్తుంటే గురువుగారు చెయ్యి ఊపుతున్నారు, కూర్చోండి కూర్చోండి అని. నోటిమీద వేలు పెట్టుకున్నారు. వాళ్ళు అల్లరి చేస్తున్నారనీ, నాటకం పాడుచేస్తున్నారనీ అనుకున్నారు. పక్కనున్న ఎవరో ఆయనతో ఏదో అంటే నవ్వుతూ తలూపారు. “పెద్దాయనా, మీకేమన్నా వినపడుతోందా?” అని అడిగారట. అది నాకు తర్వాత తెలిసింది.

గొంతెత్తితే ఆయనకు తెలిసిపోతుంది. చెవికి కాదు, కంటికి. నా మెడ నరాలు లేచాయంటే నేను అరుస్తున్నట్టు. తాను గుసగుసతో కట్టిన ఘట్టంలో నేను అరుస్తున్నానంటే, జనానికి వినపడలేదనీ, ఆ సంగతి తన చెవికి తెలియలేదనీ ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎత్తకపోతే నాటకం పోతుంది, జనం ఆయన్ని ఆ కుర్చీలో కూర్చుని తలూపే పిచ్చివాణ్ణి చేస్తారు. నేను మగ్గం కర్ర పట్టుకుని ఆయన వంకే చూశాను. చూస్తూ ఎత్తాను.

“ఇన్నాళ్ళూ నీ చప్పుడు భరించలేక నిన్ను తిట్టానే! పసిపిల్ల పడుకోదని తిట్టానే! రేపట్నుంచి నీ చప్పుడు లేని ఇంట్లో నాకు నిద్రెలా పడుద్ది?”

జనం ఒక్కసారి సర్దుకున్నారు. కూర్చున్నారు. మా గుమాస్తా నిద్రలో ఉలిక్కిపడ్డాడు, అది నటన కాదు. దూరంగా గురువుగారు లేచి నిలబడ్డారు. నా మెడ చూశారు. అంత దూరంనుంచి చూడగలరా అని అడగకండి, చూశారు. చెయ్యి తువ్వాలు మీదికి వెళ్ళింది. దాన్ని భుజంనుంచి తీసి సగం పైకెత్తారు. అక్కడే ఆగింది చెయ్యి. తర్వాత ఆ తువ్వాలుతో మొహం తుడుచుకుని కూర్చున్నారు.

ఘట్టం అయ్యేదాకా అరుస్తూనే చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. నాకు బహుమతి కూడా ఇచ్చారు. స్టేజీ దిగివస్తే ఆయన అక్కడ లేరు. ఆఖరి వరసలో ఖాళీ కుర్చీ, దానిమీద మడతపెట్టిన తువ్వాలు. మా గుమాస్తా దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టాడు. మనిషికి అప్పుడు అర్థమైంది. రేపల్లె బండి ఎక్కేదాకా ఒక్క జోకు వెయ్యలేదు.

మర్నాడు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో కూర్చుని ఉన్నారు. నా వంక, నా పెదాల వంక చూసి అడిగారు.

“నీకెప్పట్నుంచి తెలుసు?”

“మీరు కుర్చీ ఇటు తిప్పుకున్న రోజునుంచండి.”

“సినిమావాళ్ళు అప్పుడే తిప్పుకోమన్నారు. వినలా నేను.” కాస్త నవ్వి, మొహం దించుకుని, మళ్ళీ నా పెదాల వంక చూశారు. “మైకు పోయిందని ఎత్తావా, నేను చూడాలని ఎత్తావా?”

“జనానికి వినపడాలని ఎత్తానండి. గోడమీద కూర్చున్నోడిక్కూడా అందాలని మీరే అన్నారు.”

ఆయన చేత్తో ఖాళీ భుజం తడుముకున్నారు. ఆఖరికి, “మంచి పని చేశావ్” అన్నారు. బాగుంటే బాగుందనని మనిషి నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. అది విని సంతోషించాల్సిన నేను పిన్నిగారి వంటింట్లోకి పారిపోయి ఏడ్చాను.

మేడగది ఖాళీ చేశారు. సమాజం ఎవరిదారి వాళ్ళదయింది. నేను వేరేవాళ్ళ నాటకాల్లో వేశాను. పొన్నూరులో, ఇంకా చాలాచోట్ల. స్టేజీ ఎక్కగానే కళ్ళు ఆఖరి వరసకే పోయేవి. అక్కడ ఎవరో పల్లీలు తింటూ ఫోను చూసుకుంటూ ఉండేవాళ్ళు.

ఆయన పోవడానికి ముందు వేసవిలో పిన్నిగారు కబురు చేశారు. “రోజూ ఆ వసారాలో గోడ వంక చూస్తూ కూర్చుంటున్నారే. ఎవర్నీ పలకరించరు. నువ్వొకసారి రా” అన్నారు. తువ్వాలు నా దగ్గరే ఉంది కదా, ఉతికి పట్టుకెళ్ళాను.

ఎండ దిగుతోంది. మనిషి సగమైపోయారు. తువ్వాలు చేతికిస్తే చూసుకుని భుజాన వేసుకున్నారు. వేసుకోగానే ఆయన వెన్ను కాస్త నిటారైంది.

“మగ్గం” అన్నారు.

నాకర్థమైంది. నేల మీద కూర్చున్నాను. పెదాలు కదిపితే చాలులే, చూసుకుంటారు అనుకుని మొదలుపెట్టబోయాను. ఆయన లేచి, కుర్చీ కోళ్ళు నేలమీద గీరుకునేలా గోడవైపు తిప్పుకున్నారు. నాకు వీపు పెట్టి కూర్చున్నారు, మొదటిరోజు మేడగదిలో కూర్చున్నట్టే.

వీపు తిప్పుకున్న మనిషికి పెదాలు కూడా కనపడవు. ఇంకేం వింటారు? పిన్నిగారి వంక చూశాను. ఆవిడ కానియ్ అన్నట్టు తలూపారు. లోగొంతుతో, ఆయన కట్టినట్టే మొదలుపెట్టాను. “ఇన్నాళ్ళూ నీ చప్పుడు భరించలేక...”

ఆయన చెయ్యి భుజంమీదికి వెళ్ళింది. తువ్వాలు తీసి తలపైకి ఎత్తారు.

గొంతు పెంచాను. దిగలేదు. ఇంకా పెంచాను. దిగలేదు. బాపట్లలో అరిచినదానికంటే గట్టిగా అరిచాను. పక్కింటాయన ప్రహరీ మీంచి తొంగిచూశాడు. “ఏంటండీ గొడవ? ఎవరన్నా పోట్లాడుకుంటున్నారా?” పిన్నిగారు కొంగు నోట్లో కుక్కుకుని, ఏమీ లేదని చేత్తో చెప్పారు. నేను ఆపలేదు. గొంతు జీరపోయింది, మాట చీలిపోతోంది, అయినా ఆఖరి మాటదాకా ఒక్క అక్షరం మింగకుండా చెప్పాను.

అంతా అయిపోయింది. తువ్వాలు పైనే ఉంది, దాని అంచు వణుకుతోంది. నా పెదాలు చూడకుండానే, ఘట్టం ఎక్కడ ముగుస్తుందో లోపల లెక్క చూసుకుని, ఆయన గోడతో అన్నారు.

“ఇంకోసారి.”

గొంతు సర్దుకుని మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాను.